కోసే ముందు బయాప్సీ చేయండి

ఎడిటర్ గారికి,

అక్టోబరు వస్తే రొమ్ము క్యాన్సర్ గురించి పేపర్లలో పేజీలకు పేజీలు వస్తాయి. రావాలి కూడా. కానీ క్యాన్సర్ కాకపోయినా ఆడవాళ్లను నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి సతాయించే రొమ్ము జబ్బు ఇంకొకటి ఉంది, దాని గురించి ఎవరూ రాయరు. గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్. 1972లోనే డాక్టర్లు దీన్ని గుర్తించి రాశారు, అయినా ఫలానా మందే వాడాలి అని ఇప్పటికీ అందరూ ఒప్పుకున్న పద్ధతి లేదు.

ఎక్కువగా కాన్పయిన కొన్నేళ్లలోపు, బిడ్డకు పాలు మాన్పించాక వస్తుంది. రొమ్ములో గట్టిగా గడ్డ కడుతుంది, ఎర్రబడి చీము పడుతుంది, చర్మం పగిలి రసి కారుతూనే ఉంటుంది. మా చెల్లెలికి ఇదే వచ్చింది. పాలగడ్డ అని యాంటీబయాటిక్స్ రాశారు, తగ్గకపోతే కోసి చీము తీశారు, ఆ పుండు మానకముందే పక్కన ఇంకోటి లేచింది, మళ్లీ కోశారు. ఆ చీమునైనా కల్చర్‌కి, అంటే అందులో ఏ క్రిములున్నాయో చూసే పరీక్షకి పంపలేదు, బయాప్సీ (గడ్డలోంచి చిన్న ముక్క తీసి ల్యాబ్‌లో చూడటం) మాటే ఎత్తలేదు. చివరికి గడ్డ ఉన్న భాగమంతా తీసేస్తామన్నారు. అసలు జబ్బేంటో తేలకుండా ముప్పై ఏళ్లు నిండని పిల్ల రొమ్ములో సగం ఎలా తీసేస్తారు? నా కోపం అక్కడే.

సర్జరీ తప్పని నేను అనడం లేదు. గడ్డ మొత్తం తీసేస్తే త్వరగా తగ్గుతుందనీ, మళ్లీ వచ్చే అవకాశం తక్కువనీ చెప్పే డాక్టర్లున్నారు. చనుమొన పక్కన రంధ్రం పడి మానడం, మళ్లీ కారడం జరుగుతుంటే అది వేరే జబ్బు కావచ్చు, సిగరెట్ తాగేవాళ్లలో ఎక్కువ, దానికి ఆ పాలనాళం తీసేస్తేనే గానీ తగ్గదు. కానీ గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్‌లో కోత పెట్టిన చోట పుండు త్వరగా మానదు, రొమ్ము ఆకారం మారిపోతుంది, అంతా అయ్యాక జబ్బు మళ్లీ తిరగబెట్టొచ్చు కూడా. చీము ఉంటే అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూదితో లాగే వీలుంది, ప్రతిసారీ కత్తి అక్కర్లేదు.

మందులూ తేలికేం కాదు. స్టెరాయిడ్లు నెలల తరబడి వాడాలి, షుగర్, బీపీ, బరువు పెరుగుతాయి, మొహం ఉబ్బుతుంది, చెప్పకుండా ఒక్కసారి ఆపేస్తే ఇంకో ప్రమాదం. కొందరికి గడ్డలోకే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. ఒంట్లో రోగనిరోధక శక్తిని అణిచే మెథోట్రెక్సేట్ అనే మందు అయితే వారానికి ఒక్కసారే వేసుకోవాలి, రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. లివర్, రక్తం పరీక్షలు చేయిస్తూ ఉండాలి, ఆ మందు వాడుతుండగా గర్భం రాకూడదు. ఇంకో బిడ్డ కావాలనుకునే వయసు వాళ్లకే ఈ జబ్బు వస్తోంది కదా, ఆ మాట ముందే కూర్చోబెట్టి చెప్పొద్దా? కొంతమందికి ఏమీ చేయకుండా నొప్పి మాత్రలతో, పరీక్షలు చేయించుకుంటూ ఓపిక పడితే దానంతటదే తగ్గిపోతుంది, కాకపోతే ఏడాది, రెండేళ్లు పట్టొచ్చు. ఈ దారి ఉందని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

అన్నిటికంటే ముందు టీబీ సంగతి తేలాలి. మన దగ్గర రొమ్ముకు కూడా టీబీ వస్తుంది, మైక్రోస్కోప్ కింద చూస్తే రెండూ దగ్గరదగ్గరగానే కనిపిస్తాయి. టీబీ ఉన్నవాళ్లకు ఆ మందులు లేకుండా స్టెరాయిడ్ ఇస్తే జబ్బు ముదురుతుంది, టీబీ లేనివాళ్లు నెలల తరబడి టీబీ మందులు మింగితే లివర్ మీద భారం తప్ప లాభం లేదు. టీబీ పరీక్షలు, మందులు ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితమే. క్యాన్సర్ కాదని కూడా బయాప్సీతోనే తేలాలి, చేత్తో చూసి చెప్పేది కాదు.

నేను అడిగేది ఒకటే. మన ఉస్మానియా, గాంధీ లాంటి పెద్దాసుపత్రుల్లో ఇలాంటి కేసులకు సర్జన్, పాథాలజీ డాక్టరు, టీబీ డాక్టరు వారంలో ఒక రోజైనా కలిసి కూర్చుని చూసే ఏర్పాటు ఉండాలి. చంటిపిల్లను చంకనేసుకుని ఒక్కో ఓపీ ముందు ఒక్కో రోజు లైన్లో నిలబడటం ఎవరికైనా కష్టమే. మీరు కూడా ఒక డాక్టరు గారితో దీని మీద వివరంగా రాయించండి. ఇలాంటి గడ్డతో తిరుగుతున్న అక్కచెల్లెళ్లు బయాప్సీ రిపోర్టుతో పాటు ల్యాబ్ నుంచి స్లైడ్లు (ఆ ముక్కను పెట్టి మైక్రోస్కోప్ కింద చూసిన గాజు పలకలు) కూడా అడిగి తీసుకోండి, వేరే డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ముందు అవి చూపించొచ్చు.

– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి, హైదరాబాద్