చిక్కటి ఆయిల్ సలహా సరికాదు

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ఒక పాఠకుడు ప్రశ్న అడిగారు. సూపర్‌చార్జర్ (ఇంజన్‌లోకి గాలిని కుక్కి పంపే పరికరం) ఉన్న పాత కారు ఇంజన్‌ను విప్పించి, కొత్త రింగులు, బేరింగులు వేయించాక ఏ ఆయిల్ పోయాలని. “ఎంత చిక్కగా ఉంటే అంత మేలు, 20డబ్ల్యూ-50 వాడండి” అని మీ నిపుణుడు ఒక్క ముక్కలో తేల్చేశారు. సరిగ్గా ఇదే సలహా నాలుగు నెలల కిందట బెంగళూరు జేసీ రోడ్డులో ఒక దుకాణదారు మా వాడికి ఇచ్చాడు. నమ్మి పోయించుకుని, నూట ఇరవై కిలోమీటర్లు తిరగకముందే ఐదున్నర లీటర్లూ కిందికి దింపించుకున్నాం. అందుకే ఈ ఉత్తరం.

నేను కృష్ణరాజపురం డీజిల్ షెడ్‌లో ముప్పై ఒక్క ఏళ్లు ఫిట్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. కారు మా తమ్ముడి కొడుకుది. 2005 నాటి మెర్సిడెస్ సీ200 కొంప్రెసర్, 1.8 లీటర్ల ఇంజన్, నాలుగు సిలిండర్లు. ముందు యజమాని రేడియేటర్‌లో నీళ్లు చూసుకోకుండా నడిపి, వేడెక్కించి, మెరుగుపెట్టి అమ్మేశాడు. మా వాడు మెరుగు చూసి కొన్నాడు. చివరికి ఇంజన్ విప్పించి కొత్త రింగులు, బేరింగులు వేయించాల్సి వచ్చింది.

బోరు (సిలిండర్ లోపలి గోడ) పని చేసిన లేత్ షాపువాళ్లను కొలతల చీటీ అడిగితే బిల్లు చేతిలో పెట్టారు. “అంతా కరెక్టుగానే వదిలాం సార్” అన్నారు. ఎంత వదిలారన్నదే కదా నా ప్రశ్న! చివరికి గ్యారేజీలో నేనే దగ్గరుండి ప్లాస్టిగేజ్ పెట్టించాను. అది ఆకుపచ్చని మైనపు దారం, సేమ్యా పోగు కన్నా సన్నం. దాన్ని షాఫ్ట్ పొడవు వైపున బేరింగ్ కింద పెట్టి, చెప్పిన టార్కుకు బిగించి, షాఫ్ట్‌ను వెంట్రుకవాసి కూడా కదపకుండా మళ్లీ విప్పాలి. నలిగిన దారం వెడల్పును కవరు మీద అచ్చువేసిన గీతలతో పోల్చి చూడాలి. ఎంత వెడల్పుగా నలిగితే ఖాళీ అంత తక్కువన్నమాట. మాకు వచ్చింది రెండు థౌ లోపే. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. షాఫ్ట్ వ్యాసంలో అంగుళానికి ఒక థౌ ఖాళీ అన్నది పాత ఫిట్టర్ల లెక్క. ఆ లెక్కన మాది బిగువైన ఇంజనే. వదులుగా కట్టిన రేసు ఇంజన్‌కు 50 గ్రేడు అవసరం కావచ్చు, దీనికి కాదు.

ఇంత కొలిచీ లాభం లేకపోయింది. నేను తిరుపతి వెళ్లిన వారంలోనే మా వాడు దుకాణానికి వెళ్లాడు. సూపర్‌చార్జర్ అన్న మాట వినగానే దుకాణదారు బాగా వేడెక్కుతుందని 20డబ్ల్యూ-50 ఇచ్చి పంపాడు. నేను తిరిగివచ్చిన మర్నాడు ఉదయం కీ తిప్పగానే ముందు భాగంలో గలగలమని చప్పుడు, నాలుగైదు సెకన్లు. ఆ ఇంజన్‌లో టైమింగ్ చైన్‌ను, అంటే వాల్వులు తెరిచే కామ్‌లను తిప్పే గొలుసును, బిగించి పట్టేది ఆయిల్ ఒత్తిడే, కామ్‌లను సర్దేదీ ఆయిలే. చల్లగా ఉన్న చిక్కటి ఆయిల్ అక్కడికి చేరేదాకా చైను వదులుగా కొట్టుకుంటోంది. పలుచటి ఆయిల్ పోశాక ఆ చప్పుడు మళ్లీ వినపడలేదు.

డబ్ల్యూ అంటే చలికాలం. 20డబ్ల్యూ ఆయిల్‌తో ఇంజన్ తిరుగుతుందా లేదా అన్నది సున్నాకు 15 డిగ్రీలు దిగువన పరీక్షిస్తారు. బెంగళూరు జనవరిలో అంత చలి లేదు కాబట్టి ఇంజన్ స్టార్టు కాకపోవడమంటూ ఉండదు. అయినా 15 డిగ్రీల ఉదయాన కూడా 5డబ్ల్యూ-40 కన్నా అది బాగా చిక్కగానే ఉంటుంది, ఆలస్యంగానే పైకెక్కుతుంది. రెండో అంకె 100 డిగ్రీల దగ్గరి చిక్కదనం. టిన్ ఫ్యాక్టరీ దగ్గర ట్రాఫిక్‌లో అరగంట నిలబడిన ఇంజన్‌ను కాపాడేది మాత్రం ఇంకో కొలత. 150 డిగ్రీల వేడిలో, బేరింగ్ నలుపుతున్నప్పుడు ఆయిల్ ఎంత నిలుస్తుందన్నది. ఐరోపా కార్ల తయారీదారుల సంఘం ఏసీఈఏ వారి ఏ3/బీ4 తరగతి ఆయిల్‌కు అది కనీసం 3.5 మిల్లీపాస్కల్-సెకన్లు ఉండాలి. డబ్బా ముందు భాగాన ఎగిరే గుర్రాలు, మంటలు ఉంటాయి గానీ ఈ సంగతి వెనుక వైపు చిన్న అక్షరాల్లోనే దొరుకుతుంది.

సూపర్‌చార్జర్ విషయంలో నేనూ ఒకచోట బోల్తాపడ్డాను. మా రైలింజన్లలో టర్బో సూపర్‌చార్జర్ పొగ వేగానికి తిరుగుతుంది, దాని బేరింగులకు ఇంజన్ ఆయిలే వెళుతుంది. కారులోనూ అంతే అనుకున్నాను. ఇందులో దాన్ని తిప్పేది బెల్టు, గేర్లకు ఆయిల్ విడిగా దాని పెట్టెలోనే ఉంటుంది. మరి ఇంజన్ ఆయిల్‌కు దానితో పనేమిటంటారా? గాలిని కుక్కి పంపితే పెట్రోలూ ఎక్కువ మండుతుంది, పిస్టన్ మీద ఒత్తిడి పెరుగుతుంది, బేరింగ్ మీది ఆయిల్ పొర ఆ దెబ్బంతా కాయాలి. రింగుల పక్కనుంచి జారే వాయువు కూడా ఎక్కువే. అది ఆయిల్ ఆవిరిని వెంటేసుకుని బ్రీదర్ గొట్టంలోంచి మళ్లీ లోపలికి పీల్చే గాలిలో కలుస్తుంది. ఆయిల్ కలిసిన మిశ్రమం తొందరపడి మండి, నాకింగ్ (లోపల సుత్తితో కొట్టినట్టు చప్పుడు) వస్తుంది. కాబట్టి వేడికి తక్కువగా ఆవిరయ్యే ఆయిల్ కావాలి. చిక్కదనం చూసి ఆ గుణం చెప్పలేం.

జింకు కలిపిన టానిక్కు సీసా ఒకటి కూడా మా వాడు తెచ్చాడు. కామ్ నేరుగా ట్యాపెట్ మీద రాసుకునే పాతకాలపు ఇంజన్లకు, మొదట్లో, అది నిజంగా అవసరం. ఇందులో కామ్ కింద రోలర్లున్నాయి. పైగా జింకుతో పాటు వచ్చే ఫాస్ఫరస్, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను చెడగొడుతుంది. సీసా అటక మీద ఉంది.

మేము చివరికి చేసింది ఇది. 20డబ్ల్యూ-50 దింపించాక ముందు మామూలు మినరల్ 15డబ్ల్యూ-40. అరవై కిలోమీటర్లకు ఒకసారి, వెయ్యికి ఒకసారి మార్పు. మొదటే ఫుల్లీ సింథటిక్ పోస్తే రింగులు బోరుకు కుదురుకోవడం ఆలస్యమవుతుందని నా నమ్మకం. కొత్త కార్లు కంపెనీ నుంచే సింథటిక్‌తో వస్తున్నాయి కదా అని మా వాడి వాదన. అక్కడ బోరును రాయితో రుద్దే హోనింగ్ నున్నదనం వేరు, మన వీధి చివర రాయి పట్టిన బోరు వేరు. హొసకోట మీదుగా ముళబాగిలు దాటి, మొగిలి ఘాట్ దిగి, మళ్లీ ఎక్కాం. ఎక్కేటప్పుడు సగం యాక్సిలరేటర్, దిగేటప్పుడు కాలు తీసి గేరు మీదే. ఒకే వేగంతో హైవే మీద పోతే రింగులు కుదరవు.

అరవై కిలోమీటర్ల ఫిల్టర్‌ను పారేయనివ్వలేదు. కాగితం మడతలు విప్పి, ఎండలో ఆరేసి, అయస్కాంతం తిప్పాను. అంటుకున్నది ఇనుము పొడి, హోనింగ్ తాలూకుది. అంటుకోని తళుకు ఉంటే భయపడాలి, అది బేరింగుది కావచ్చు. రెండు మూడు చుక్కలే కనిపించాయి. వెయ్యి కిలోమీటర్ల ఫిల్టర్‌లో అవీ లేవు. షెడ్‌లో చేసినట్టే అద్దుడు కాగితం మీద ఒక బొట్టు వేసి చూశాను. నడుమ నల్లటి ముద్ద కట్టకుండా అంచు దాకా సమంగా పాకింది. ఆ తర్వాతే 5డబ్ల్యూ-40 సింథటిక్ పోయించాను. మెర్సిడెస్ వారి 229.5 ఆమోద సంఖ్య డబ్బా మీద ఉన్నదే తెచ్చాం. ఆ ప్రమాణానికి తగినదని తయారీదారు తానే రాసుకోవడం వేరు, అప్రూవల్ ఉండటం వేరు. ఖాళీ డబ్బాలకు మేకుతో చిల్లులు పెట్టి పడేశాను, వాటిలో మళ్లీ ఎవరూ ఏదీ నింపి అమ్మకుండా.

మీ నిపుణుడికి ఒక విన్నపం. ఏ ఇంజన్, కారు పుస్తకంలో ఏ సంఖ్య ఉంది, బేరింగ్ ఖాళీ ఎంత, బిగించాక ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఈ నాలుగూ అడగకుండా గ్రేడు చెప్పవద్దు. లేత్ షాపులు కూడా బిల్లు వెనుకైనా సరే కొలతలు రాసివ్వాలి. మా షెడ్‌లో ఆ కాగితం లేనిదే ఇంజన్ బయటికి కదిలేది కాదు.

ప్రశ్న అడిగిన పాఠకుడు ఇంకా ఆయిల్ కొనకపోయి ఉండవచ్చు. ఆయన చిరునామా మీ దగ్గర ఉంటుంది. అచ్చు వేయడానికి చోటు లేకపోతే ఈ ఉత్తరాన్ని ఆయనకైనా పంపండి.

ఇట్లు,
ఒక విశ్రాంత రైల్వే ఫిట్టర్,
రామమూర్తినగర్, బెంగళూరు