చుక్కల గీత

అనంతపురం

చి. పాపకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. "అసలు చూడాల్సిన చోటే డేటా లేదు నాన్నా" అని నీ క్వేసార్ పరిశోధన గురించి నువ్వు అన్నప్పటి నుంచి నీ మాటే మనసులో తిరుగుతోంది. ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను.

3సీ 273 అనే క్వేసార్‌నే తీసుకో, దూరపు గెలాక్సీ నడుమ పెద్ద బ్లాక్ హోల్ చుట్టూ వాయువు వెలిగిపోయే చోటు. దాని స్పెక్ట్రమ్‌లో, అంటే తరంగాల వారీగా విడదీసిన వెలుగులో, గీతలు ఎరుపు వైపు 16 శాతం జరిగాయని 1963లో మార్టెన్ ష్మిట్ పట్టుకున్నాడు. ఆ వెలుగు 200 కోట్ల ఏళ్లకు పైగా ప్రయాణించి వస్తే, తీరా పాలపుంతలోకి వచ్చాక 912 ఆంగ్‌స్ట్రామ్‌ల కన్నా పొట్టి తరంగాల్ని ఇక్కడి హైడ్రోజన్ మింగేస్తుంది. నేను క్లాసులో బోర్డు మీద రాసే 13.6 ఎలక్ట్రాన్ వోల్టులే, హైడ్రోజన్ నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టే శక్తే, ఇవాళ నీకు అడ్డం. మళ్లీ సాఫ్ట్ ఎక్స్-రే (తక్కువ శక్తి ఎక్స్-రే) మొదలయ్యాక గానీ దారి దొరకదు. బ్లాక్ హోల్ చుట్టూ పళ్లెంలా తిరిగే వేడి వాయువు బాగా వెలగాల్సింది ఆ మధ్యలోనే. టెన్షన్ పడటంలో నీ తప్పేం లేదు.

మన పెన్నలో పైకి ఇసుకే కనిపిస్తుంది. అక్కడా ఇక్కడా చెలమలు తీసి నీటిమట్టం చూసేవాళ్లు మధ్యలో సంగతి అంచనా కట్టగలరు. అల్ట్రావయొలెట్ ఒక చెలమ, సాఫ్ట్ ఎక్స్-రే ఇంకో చెలమ అనుకో.

అంచనా అంచనాగానే ఉండాలి. కనబడని ఆ మధ్యలో వెలుగు గ్రాఫ్ పెద్ద ఎత్తుకు లేస్తుందని చాలామంది గీసేశారు. దూరపు క్వేసార్ల పొట్టి తరంగాలు సాగి మనకు చేరతాయి కదా, ఆ వీలుతో హబుల్ టెలిస్కోప్ చూసిన 101 క్వేసార్ల స్పెక్ట్రాలు కలిపి 1997లో ఒక సగటు గీశారు. 1000 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర్లోనే వాలు మొదలైంది! దాన్ని పొడిగిస్తే రోశాట్ అనే ఎక్స్-రే ఉపగ్రహం కొలిచిన సాఫ్ట్ ఎక్స్-రేకు దగ్గరగా వెళ్లి చేరింది. అనుకున్నంత ఎత్తుకు చోటే లేదు.

ఇంకోటి, క్వేసార్ వెలుగు నిలకడగా ఉండదు. ఒక కొస ఈ ఏడు, ఇంకో కొస వేరే ఏడు చూసి అతికించొద్దు. 2015లో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహం అల్ట్రావయొలెట్, సాఫ్ట్ ఎక్స్-రే రెండూ ఒకేసారి చూడగలదు. దాని ఆర్కైవ్ ముందు వెతుకు. కొలిచినంత మేర గట్టి గీత గీయి, మిగతాది చుక్కల గీత. మీ గైడ్ కలిపేయమన్నా నెమ్మదిగా కారణం చెప్పు.

గ్రాఫ్ అవ్వగానే వాట్సాప్‌లో పెట్టు. 1 కేఈవీ (వెయ్యి ఎలక్ట్రాన్ వోల్టులు) లోపు ఎక్స్-రేలో కనబడే అదనపు వెలుగు మీద నాకు ధ్యాస పోవడం లేదు. బ్లాక్ హోల్ ఎంత బరువున్నా దాని ఉష్ణోగ్రత ఇంచుమించు ఒకేలా వస్తుందంటే, అది నేరుగా ఆ పళ్లెం వేడి అయ్యుండదు. మరి ఎక్కడిదంటావు?

నాన్న