తుకుం ఇళ్ళ సంగతి

బల్లార్షా

చిరంజీవి రాజుకు,

బాపు ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాలి నొప్పి కొంచెం తగ్గింది.

నిన్న నువ్వు డ్యూటీకి పోయే తొందరలో ఉన్నావు, సగమే చెప్పగలిగాను. చంద్రపూర్‌లో తుకుం ఏరియాలోని మన పోర్షన్లు చూసుకోవడానికి మేనేజర్‌గా ఒక మనిషి దొరికాడు. కిరాయిలో 10 శాతం అడిగితే 8కి ఒప్పించాను. కొత్త కిరాయిదారును తెస్తే అర నెల కిరాయి వేరే. మీ అమ్మ దండగ ఖర్చంటోంది. మే నెల ఎండలో బస్సెక్కి పోయి, కూలర్ నీళ్ళ కోసం పై ఇంటివాళ్ళు కింది ఇంటివాళ్ళు పెట్టుకునే లొల్లి తీర్చేది నేను కదా, తను కాదు.

మనిషి పనిమంతుడే. ఖాళీ పోర్షన్ చూపిస్తే ముందు కరెంటు మీటరు రీడింగ్ ఫోటో తీశాడు. ఒక్కో నల్లా తిప్పి చూశాడు, స్విచ్చులన్నీ వేసి చూశాడు. బాత్రూం తలుపు కింద చెక్క ఉబ్బిందే, దాన్ని కూడా వదల్లేదు. ఖాళీ చేసేనాడు డిపాజిట్‌లో ఎంత కోయాలన్నది ఈ ఫోటోలే చెబుతాయంటాడు.

కానీ అన్నీ అతనికే అప్పజెప్పమన్నావు చూడు, అది నాకు మింగుడుపడలేదు. మహారాష్ట్రలో 1999 నాటి కిరాయి చట్టం ప్రకారం లీవ్ అండ్ లైసెన్స్ అగ్రిమెంట్, అంటే కిరాయి ఒప్పందం, రాసుకుని రిజిస్టర్ చేయించాల్సిందే. ఆ బాధ్యత ఇంటి ఓనరుది. చేయించకపోతే 3 నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, రెండూ పడినా పడొచ్చు. జైలు మాట అటుంచు. రేపు తగాదా వస్తే, మనం వేరేగా రుజువు చేసేదాకా షరతుల గురించి కిరాయిదారు చెప్పిందే చెల్లుతుంది. మేనేజర్ మరిచిపోయాడంటే వినేవాళ్ళెవరు? అందుకే రిజిస్ట్రేషన్ నేనే దగ్గరుండి చేయిస్తా. ఇప్పుడు ఆన్‌లైన్‌లో వేలిముద్రలతో అయిపోతోంది. కిరాయి నేరుగా నా ఖాతాలో పడాలి, అతని కమిషన్ నేను పంపుతా. 2,000 దాటే రిపేరైతే ముందు నన్ను అడగాలి. ఇవన్నీ ఒప్పుకున్నాడు, ముఖం కొంచెం మాడ్చుకుని.

ఇక ఇళ్ళు నీ పేర రాయించే మాట. నువ్వు దుబాయిలో ఉన్నన్ని రోజులు అది వద్దు. ఓనరు ఎన్నారై అయితే కిరాయిదారే 30 శాతానికి పైగా పన్ను కోసి సర్కారుకు కట్టి, మిగిలింది మనకివ్వాలి. బొగ్గు గనిలో షిఫ్టులు చేసుకునే పిల్లగాడు ఆ టెన్షన్ ఎందుకు పెట్టుకుంటాడు? పక్కింట్లో దిగుతాడు.

మేనేజర్ ఇచ్చిన కాగితం మరాఠీలో ఉంది. నువ్వు ఆ మీడియంలో చదివినవాడివి, ఫోటోలు పంపుతున్నా. నెల నోటీసుతో ఎవరైనా మానుకోవచ్చని రాశాడు, బాగుంది. డిపాజిట్ ఎవరి దగ్గర ఉంటుందన్నది మాత్రం నాకెక్కడా కనిపించలేదు. చివరి పేజీ బాగా చూసి ఆదివారం లోపు ఫోన్ చెయ్యి. సోమవారం సంతకానికి వస్తానన్నాడు.

మీ బాపు