ఉగాది దాటాక చేరిన సరుకు, పోర్ట్ లూయీలో వసూలైన ఛార్జీలు: మీ సంస్థపై ఫిర్యాదు

మంగళగిరి,
12 మే 2025

బ్రాంచ్ మేనేజర్ గారికి,
సరుకు రవాణా విభాగం, విజయవాడ శాఖ.

అయ్యా,

మంగళగిరి నూలు చీరలు, పంచెలు మారిషస్‌లోని ఒక బట్టల దుకాణానికి మీ ద్వారా ఎల్‌సీఎల్‌లో, అంటే పలువురి సరుకు ఒకే కంటైనర్‌లో కలిపి పంపే పద్ధతిలో పంపాం. ఫిబ్రవరి మొదటి వారంలోనే పెట్టెలు చెన్నైలో మీ గోదాముకు చేరాయి. కస్టమ్స్ క్లియరెన్స్ ఏ ఇబ్బందీ లేకుండా అయిపోయింది. ఫ్రైట్ (ఓడ రవాణా ఛార్జీ) మొత్తం ముందే కట్టాం. విశ్వావసు ఉగాది మార్చి 30న వచ్చింది. సరుకు మారిషస్ రేవు పోర్ట్ లూయీలో దిగింది ఏప్రిల్‌లో, అదీ రెండో వారంలో.

ఉగాది మారిషస్‌లో ప్రభుత్వ సెలవు దినం. తరాల కిందట చెరకు తోటల్లో పనికి వెళ్లిన తెలుగువాళ్ల సంతతి అక్కడ ఇప్పటికీ సింహాద్రి అప్పన్న పూజ చేస్తుంది, రామభజనలు చేస్తుంది, ఉగాదికి కొత్త చీర కట్టుకుంటుంది. ఆ దుకాణదారుకు ఏడాదిలో ముఖ్యమైన బేరం ఆ పండుగదే. ఈ సంగతి బుకింగ్ నాడే మీ సిబ్బందికి చెప్పాం, మెయిల్‌లోనూ రాశాం. ఆ మెయిల్ నకలు జతచేశాను.

ఆలస్యానికి మీ కార్యాలయం రెండు కారణాలు చెప్పింది. మొదటిది ఎర్ర సముద్రంలో ఓడలపై దాడుల గొడవ. చెన్నై నుంచి కొలంబోకు, అక్కడ ఓడ మారి పోర్ట్ లూయీకి వెళ్లే సరుకు ఎర్ర సముద్రం ఛాయలకే పోదు. 2023 చివరి నుంచి పెద్ద ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరుగుతున్నాయి, దానివల్ల కొలంబోలో రద్దీ పెరిగింది, ఒప్పుకుంటాను. అయితే ఆ రద్దీ మీకు ఫిబ్రవరిలో కొత్తగా తెలిసింది కాదు. అన్నీ తెలిసే మాకు మార్చి మొదటి వారం అని తేదీ ఇచ్చారు.

రెండోది తుఫాను. గారన్స్ తుఫాను ఫిబ్రవరి 28న రియూనియన్ ద్వీపాన్ని తీవ్రంగా దెబ్బతీసింది. మారిషస్ దానికి పక్కనే ఉంది కాబట్టి అక్కడా పనులకు అంతరాయం కలిగి ఉంటుంది. కానీ ఆ సమయంలో మా పెట్టెలు కొలంబోలోనే ఉన్నాయి. మీ ట్రాకింగ్ పేజీయే ఆ మాట చెబుతోంది. ఎక్కాల్సిన ఓడలో వాటిని ఎక్కించకుండా తర్వాతి ఓడకు తోశారు. ఎందుకు వదిలేశారని ఫోన్లలో అడుగుతూనే ఉన్నాం, ఒక్కరూ జవాబు చెప్పలేదు. ఓడ తప్పిందని ఆ రోజే చెప్పి ఉంటే కనీసం సగం చీరలు విమానంలో పంపేవాళ్లం. ఇంత ఆలస్యంలోనూ నన్ను బాగా బాధపెట్టింది ఈ మౌనమే.

ఇక ఛార్జీల సంగతి. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇదే.

మీరిచ్చిన ఫ్రైట్ కొటేషన్ మిగతా సంస్థలకంటే చాలా తక్కువగా ఉంది. పోర్ట్ లూయీలో సరుకు తీసుకునేవారు ఏమేం కట్టాలో రాసివ్వమని అప్పుడే అడిగాం. ‘అక్కడ మామూలు లోకల్ ఛార్జీలే’ అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. తీరా సరుకు దిగాక మీ ఏజెంటు దుకాణదారుకు ఇచ్చిన బిల్లు మేమిక్కడ కట్టిన ఫ్రైట్‌కు రెండింతలు దాటింది. డెలివరీ ఆర్డర్ (సరుకు విడుదల పత్రం) ఫీజు, కంటైనర్ నుంచి సరుకు దించినందుకు, గోదాములో అటూ ఇటూ జరిపినందుకు, డాక్యుమెంట్లకు, రద్దీ సర్‌ఛార్జీ, పైన గోదాము అద్దె. ఓడ రవాణా పత్రమైన బిల్ ఆఫ్ లేడింగ్‌లో 2.6 క్యూబిక్ మీటర్లు అని ఉంటే బిల్లు 3కు వేశారు. సరుకు వచ్చిందని తెలిపే అరైవల్ నోటీసు చాలా ఆలస్యంగా అందింది. గోదాము అద్దె పడని ఉచిత రోజుల లెక్క మాత్రం సరుకు దిగిన నాటి నుంచే మొదలుపెట్టారు. ఆ మొత్తం కడితే తప్ప డెలివరీ ఆర్డర్ ఇవ్వబోమన్నారు. ఇవన్నీ పోగా ప్రభుత్వానికి చెల్లించాల్సిన 15 శాతం వ్యాట్ ఎలాగూ ఉంది, దాని మీద మాకు పేచీ లేదు.

ఎల్‌సీఎల్ వ్యాపారంలో నడిచే ఒక పద్ధతి ఈ రంగంలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. ఎగుమతిదారును ఆకర్షించడానికి ఫ్రైట్ తగ్గించి చెబుతారు, ఒక్కోసారి సున్నాకే ఇస్తారు. ఆ లోటును అవతలి రేవులోని ఏజెంటు సరుకు అందుకునేవారి దగ్గర రాబట్టి, అందులో వాటాను రిబేటుగా ఇక్కడికి పంపుతాడు. బేరం కుదిరేది ఇక్కడ, డబ్బు కట్టేది అక్కడ. ఆ బేరంలో కట్టేవాడి మాటకు చోటే లేదు.

పెద్ద దేశంలో అయితే కొనుగోలుదారు వచ్చేసారి వేరే రేవు చూసుకుంటాడు. మారిషస్ జనాభా 13 లక్షలకు లోపే. విదేశీ వాణిజ్యం దాదాపు అంతా పోర్ట్ లూయీ అనే ఒక్క రేవు మీదుగానే సాగుతుంది. బియ్యం, మందులు, సిమెంటు, బట్టలు, ఏదైనా ఆ రేవులోనే దిగాలి. జనం తక్కువ కాబట్టి దుకాణాలు చిన్నవి, ఆర్డర్లూ చిన్నవే. ఇరవై అడుగుల కంటైనర్ నింపే స్తోమత చాలామందికి ఉండదు. అందుకే ఎల్‌సీఎల్ మీద ఆధారపడతారు. సరుకు ఒకసారి మీ ఏజెంటు గోదాములో పడ్డాక వాళ్లకు మరో దారి లేదు. చిన్న ద్వీపంలో వస్తువుల ధరలు ఎక్కువని అంటుంటారు. దూరం వల్ల వచ్చే ఖర్చు కొంత ఉంటుంది, కాదనను. ఇలా బిల్లుల్లో పోగేసింది మాత్రం దూరం వల్ల వచ్చింది కాదు, చివరికి దాన్ని మోసేది చీర కొనే ఆడపడుచే.

మా వైపు నష్టం చెబుతాను. నిజాం అంచు చీరల మీద పండుగ వారంలో వచ్చే ధర పండుగ వెళ్లాక రాదు. దుకాణదారు మిగతా బాకీ ఆపేశారు, ఆయన్ని తప్పుపట్టలేను. నేతన్నల మజూరీ మాత్రం ఆపడానికి మాకు మనసు రాలేదు, చేబదుళ్లు తెచ్చి ఇచ్చాం. ఇకముందు సరుకు తీసుకోవడానికి ఆయన తటపటాయిస్తున్నారు. ఏళ్ల తరబడి నమ్మకంతో కట్టుకున్న బేరం అది.

కాబట్టి మేము కోరేది ఇది. పోర్ట్ లూయీ బిల్లులోని ప్రతి ఛార్జీ ఏ టారిఫ్ (ఛార్జీల పట్టిక) ప్రకారం వేశారో రాతపూర్వకంగా చెప్పండి. అందులో రేవుకు, టెర్మినల్‌కు నిజంగా కట్టింది ఎంత, మీ ఏజెంటు ఉంచుకున్నది ఎంత, మీకు తిరిగి వచ్చింది ఎంత అనేది విడివిడిగా చూపండి. గోదాము అద్దె, రద్దీ సర్‌ఛార్జీ, 0.4 క్యూబిక్ మీటర్లకు అదనంగా వేసినది, ఈ మూడూ దుకాణదారుకు వాపసు ఇప్పించండి. కొలంబోలో ఓడ తప్పిన తేదీ, కారణం తెలిపే పత్రం ఇవ్వండి. ఇకపై ఏ చిన్న ఎగుమతిదారుకైనా కొటేషన్ ఇచ్చేటప్పుడు అవతలి రేవు ఛార్జీలు కూడా అంకెల్లో రాసివ్వండి.

మీరు మాకిచ్చిన పత్రం మీద 1993 నాటి మల్టీమోడల్ రవాణా (ఒకటికి మించిన రవాణా సాధనాల్లో సరుకు చేరవేయడం) చట్టం కింద మీ రిజిస్ట్రేషన్ నంబరు ఉంది. పదిహేను రోజుల్లో సరైన జవాబు రాకపోతే ఈ ఉత్తరం, జతచేసిన బిల్లులు, మెయిళ్లు ముంబయిలోని డైరెక్టర్ జనరల్ ఆఫ్ షిప్పింగ్‌కు, చెన్నైలోని చేనేత ఎగుమతుల ప్రోత్సాహక మండలికి పంపుతాం. దుకాణదారు వాపసు సొమ్మును మారిషస్ రూపాయల్లోనే, తన బ్యాంకు ఖాతాకే పంపమని కోరారు.

ఇట్లు,
చేనేత వస్త్రాల ఎగుమతిదారు,
మంగళగిరి