సమీకరణంలో ఆ అంకె ఎందుకు వేశారో కూడా అడగండి

సంపాదకులు గారికి,

మీ పేపర్లో పదో తరగతి పిల్లల కోసం వేసే సైన్స్ మోడల్ ప్రశ్నలను కత్తిరించి దాచుకుంటాను. ఎర్రగుంట్లలో మా ఇంటి వరండాలో సాయంత్రం పూట ఎనిమిది మందికి ట్యూషన్ చెప్తాను, వాళ్లకు పరీక్షలు పెట్టేది ఆ ప్రశ్నలతోనే. వాటి గురించే ఈ ఉత్తరం.

పోయిన వారం ఒకమ్మాయి మెగ్నీషియం మండే సమీకరణం రాసింది. ఎడమవైపు ఆక్సిజన్ పరమాణువులు రెండు, కుడివైపు ఒకటే ఉన్నాయని ఎమ్‌జీఓ (మెగ్నీషియం ఆక్సైడ్ ఫార్ములా) చివర కింద 2 తగిలించి "బ్యాలెన్స్ అయింది సార్" అంది. లెక్క సరిపోయింది, పదార్థమే మారిపోయింది. అదే పిల్ల అంతకుముందు పరమాణు నిర్మాణం పరీక్షలో కక్ష్యల వారీగా ఎలక్ట్రాన్లు మెగ్నీషియంలో 2, 8, 2 అని, ఆక్సిజన్‌లో 2, 6 అని తప్పు లేకుండా రాసింది! మెగ్నీషియం బయటి కక్ష్యలో ఇవ్వడానికి ఉన్నవి రెండు ఎలక్ట్రాన్లు, ఆక్సిజన్‌కు ఎనిమిది నిండాలంటే కావాల్సినవీ రెండే, కాబట్టి ఒకదానికి ఒకటే జత, ఫార్ములాలో కింది అంకెను ఆ ఎలక్ట్రాన్లే తేల్చేశాయి, మనం వేయగలిగింది ముందు అంకె ఒక్కటే అని ఆ రెండు పాఠాలనూ కలిపి ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పాక మెగ్నీషియం ముందు 2, మెగ్నీషియం ఆక్సైడ్ ముందు 2 తనే వేసింది.

మా ఊరి చుట్టూ సున్నపురాయే. క్వింటా మంచి సున్నపురాయిని, అంటే మలినాల్లేని కాల్షియం కార్బొనేట్‌ను, పూర్తిగా కాలిస్తే వచ్చే సున్నం 56 కిలోలే అని చెప్తే పిల్లలు నమ్మలేదు. మిగతా 44 కిలోలు ఏమయ్యాయి సార్ అని అందరూ ఒకేసారి అడిగారు. కార్బన్ డయాక్సైడై గాల్లో కలిసింది, ఒక్క పరమాణువు కూడా మాయం కాలేదు అని బోర్డు మీద లెక్కేసి చూపించాను. ఈ సమీకరణంలో ముందు ఏ అంకే అక్కర్లేదు, అయినా ఇద్దరు ఏదో ఒకటి వేయాలేమో అని 2 వేశారు, అంత టెన్షన్ వాళ్లకు. ఆ సున్నాన్ని తడిపి గోడకు కొడితే గాల్లోని కార్బన్ డయాక్సైడ్‌నే పట్టుకుని మళ్లీ కాల్షియం కార్బొనేట్ అవుతుందని విన్నాక ఒకబ్బాయి వెళ్లి మా గోడను గీకి చూశాడు.

మీరు వేసే ప్రశ్నలన్నీ 'కింది సమీకరణాన్ని తుల్యం చేయండి' అనే ఉంటున్నాయి. వాటిని కంఠతా పట్టి రాసేయొచ్చు. దయచేసి వారానికి ఒక్కటైనా ఇలా వేయండి: కాల్షియంలో ఎలక్ట్రాన్లు 2, 8, 8, 2, క్లోరిన్‌లో 2, 8, 7, ఇవి కలిస్తే ఫార్ములా ఏమవుతుంది, ఎందుకు? మొదటి వారం వేసిన రోజే మా పిల్లలతో రాయిస్తాను.

– ఒక ట్యూషన్ మాస్టారు,
ఎర్రగుంట్ల, కడప జిల్లా