దసరా నుంచి సంక్రాంతి దాకా కట్టిన పటాలు వెనక్కి తెచ్చివ్వండి

పోయిన దసరాకీ ఈ సంక్రాంతికీ మధ్య మా దగ్గర పాత ఫొటోలకు పటాలు కట్టించుకున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాం. ఫొటో చుట్టూ తెల్లగా కనబడే మౌంటు అట్ట మాకు తప్పుడు సరుకు వచ్చింది. అదే మీ ఇళ్లలో గోడలెక్కింది. అన్నీ విప్పి అట్ట మారుస్తాం. పైసా తీసుకోం. బిల్లు పారేసుకున్నా ఫరవాలేదు, పటం వెనక మా చీటీ ఉంటే చాలు.

నూలు గుజ్జుతో చేసిన అట్ట, ఆమ్లం ఉండదు అని చెప్పి మామూలు అట్టకు రెండింతల పైన ధర మా దగ్గర తీసుకున్నారు సరుకు పంపినవాళ్లు. వచ్చింది కలప గుజ్జు అట్ట, పైన మాత్రం మంచి కాగితం అతికించి ఉంది. కలపలోని లిగ్నిన్ అనే పదార్థం నెమ్మదిగా ఆమ్లమై, ఆనుకుని ఉన్న ఫొటో కాగితాన్ని పసుపు పట్టిస్తుంది, పెళుసు చేస్తుంది. పొడి ఊళ్లో అయితే కొన్నేళ్లు పట్టే పని. మన విశాఖపట్నం వన్‌టౌన్‌లో ఉక్కపోత సంగతి మీకు చెప్పక్కర్లేదు, ఉప్పుగాలికి కిటికీ ఊచలే నిలవవు.

ఇందులో మా తప్పు కూడా ఉంది. అట్టను పరీక్షించే పెన్ను ఒకటుంటుంది. గీస్తే ఊదా రంగు వస్తే మంచిది, పసుపు వస్తే ఆమ్లం ఉన్నట్టు. మేం పైకాగితం మీద గీశాం, ఊదా వచ్చింది, కట్ట దించుకున్నాం. అట్టను కోసి, ఆ కోసిన అంచు మీద గీయాలి. ఇప్పుడు గీస్తే పసుపు. ఇదే మాట సరుకు పంపినాయనకి ఫోన్లో చెబితే, "కోసి ఎవరు చూస్తారండీ" అన్నాడు. మేం చూస్తామండీ. ఇకమీదట ప్రతి కట్టలో ఒక షీటు మూల కోసి చూశాకే డబ్బు కడతాం. అలా అయితే సరుకు ఇవ్వనన్నాడు, వద్దన్నాం. ఈ సంగతికి ఇక్కడ ఇంత చోటు అక్కర్లేదని తెలుసు, కానీ అరగట్లేదు.

మీ పటం ఈ బాపతో కాదో ఇంట్లోనే తెలుస్తుంది. ఫొటో కనబడేలా అట్టకు కిటికీ కోస్తాం కదా, ఆ కోత 45 డిగ్రీల ఏటవాలుగా ఉంటుంది. అద్దంలోంచి ఆ సన్నటి అంచు చూడండి. పైఅట్ట ఎంత తెల్లగా ఉందో అదీ అంత తెల్లగా ఉండాలి. పాలు తక్కువైన టీ రంగుకి తిరిగితే ఇదే. తిరక్కపోయినా ఆ నెలల్లో కట్టించినదైతే తెండి. మీరు మాత్రం విప్పొద్దు. ముఖ్యంగా ఫొటో అద్దానికి అంటుకుని ఉంటే గోటితో లాగొద్దు, నీళ్లు చల్లొద్దు. తేమకి ఫొటో పైపూత జిగురై అద్దాన్ని పట్టేస్తుంది, లాగితే మనిషి మొహమే ఊడొస్తుంది. అలాంటివి అద్దంతో సహా తెస్తే ముందు అద్దంలోంచే కెమెరాతో నకలు తీసి, ఆ తర్వాత ఆలోచిస్తాం. 2014 హుద్‌హుద్ తుపానులో తడిసిన పటాలకు జరిగింది ఇదే.

కొత్తగా కట్టేటప్పుడు అద్దానికీ ఫొటోకీ మధ్య 3 మిల్లీమీటర్ల సందు ఉంటుంది. ఫొటోకి జిగురు తగలదు, మడిచిన కాగితపు మూలల్లో కూర్చుంటుంది. మైదా జిగురైతే పురుగుకి విందు. వెనక చెక్కపొట్టు అట్ట బదులు బోర్డులకు వాడే గాలిగొట్టాల ప్లాస్టిక్ షీటు. కింది రెండు మూలలకి రబ్బరు బిళ్లలు, వానాకాలం గోడ చెమ్మ ఎక్కకుండా.

ఇక మీకు నచ్చని మాట. ఇకమీదట అసలు ఫొటోకి పటం కట్టం. నకలుకే కడతాం. నెల రోజులు దీని మీదే కొట్టుకున్నాం. ఇవన్నీ నకళ్లే అయ్యుంటే ఈ అట్ట వల్ల పోయేది మా డబ్బే. మళ్లీ ప్రింటు తీసిచ్చేవాళ్లం. కానీ లోపల ఉన్నవి కోటవీధి పెంకుటింటి అరుగు మీద కూర్చున్న తాతగారు, కురుపాం మార్కెట్లో కొట్టు తెరిచిన రోజు. వాటికి రెండో ప్రతి లేదు, ఆ ఇళ్లలో చాలావాటి చోట ఇప్పుడు అపార్టుమెంట్లు. "తాతగారిని పెట్టెలో పెట్టి జిరాక్సు గోడకి కట్టమంటారా" అని చాలాకాలంగా వస్తున్నవాళ్లే అడిగారు. అవును, అదే చెయ్యమంటున్నాం. అసలుదే కట్టాలంటే వేరే కొట్టుకి వెళ్లండి, మాకు కోపం రాదు. కొంచెం వస్తుందేమో.

గ్రూపు ఫొటోలకైతే ఇది మరీ అవసరం. సెయింట్ అలోషియస్, క్వీన్ మేరీ బడుల, ఏవీఎన్ కాలేజీ ఫొటోల కింద పాత అట్ట మీదే పేర్లు, సంవత్సరం ఉంటాయి. పటం సైజుకి సరిపోవాలని ఆ అట్ట కోసేసినవి ఎన్నో చూశాం, మొహాలున్నాయి, పేర్లు లేవు. మేం వెనకవైపు కూడా స్కాన్ చేస్తాం, పెన్సిల్ రాత అక్కడే ఉంటుంది. మామూలు సైజుకి 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు), చిన్న చిన్న మొహాలున్న గ్రూపుకి 1200.

ఎలాగూ విప్పుతున్నాం కాబట్టి ఫొటోల గురించి మేం రాసిపెట్టిన పేర్లు, వీధులు ఒకసారి చూసి తప్పులుంటే దిద్దండి. ఏడాది తెలియకపోతే అంచనా వేసి రాయం. ఫొటోలో వెనకాల లోపలి హార్బరులో ఓడ ఆగి ఉంటే పోర్టు తెరిచిన 1933కి ముందుది కాదని చెప్పగలం, అంతకు మించి ఇంట్లో పెద్దవాళ్లనే అడగాలి.

పటం తెచ్చేటప్పుడు అద్దం మీద టేపు అడ్డంగా నిలువుగా అంటించి, దుప్పట్లో చుట్టి, ఆటోలో నిలబెట్టి పట్టుకోండి, పడుకోబెడితే గతుకులకి పగులుతుంది. రోజుకి నాలుగు కంటే విప్పలేం, ముందు ఫోన్ చెయ్యండి. అన్నీ పూర్తయ్యేసరికి మార్గశిరం కూడా వచ్చేస్తుందేమో. ఆ నెల గురువారాలు మాత్రం వద్దు, బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి రద్దీకి మనిషే నడవలేడు, అద్దంతో అసలు కుదరదు.