బడి బీరువా తాళం తీయించండి, మంత్రి గారూ

గౌరవనీయులైన ఒడిశా విద్యాశాఖ మంత్రి గారికి,

పర్లాకిమిడి దగ్గరి ఒక ఊరి నుంచి, తెలుగు మీడియం ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు పిల్లల్ని పంపుతున్న ఒక తల్లి నమస్కరించి రాసుకుంటున్న బహిరంగ లేఖ.

విషయం: వేసవి సెలవుల్లో చదువుకోవడానికి బడిలోని కథల పుస్తకాలు పిల్లలకు ఇంటికి ఇవ్వడం గురించి.

అయ్యా,

ఇంత చిన్న విషయానికి మంత్రి గారికి ఉత్తరం రాయాలా అని మా ఊళ్లోనే కొందరన్నారు. రాయక తప్పలేదు. బడి కమిటీలో తీర్మానం చేశాం. దాన్ని హెడ్మాస్టర్ గారి సంతకంతో పై ఆఫీసుకు పంపాం. అధికారులు అర్జీలు తీసుకునే గ్రీవెన్సు రోజున లైన్లో నిలబడి అర్జీలిచ్చి రసీదులు తెచ్చుకున్నాం. ఆ రసీదులన్నీ పిల్లల మార్కుల కార్డులతో పాటు భద్రంగా దాచాను. జవాబు మాత్రం ఒక్కదానికీ రాలేదు. "చూస్తాం అమ్మా" అన్నవాళ్లలో ఒక్కరైనా వచ్చి చూసి ఉంటే ఈ ఉత్తరంతో మీకు శ్రమ ఇచ్చేదాన్ని కాదు.

మన రాష్ట్రంలో కొత్త తరగతులు ఏప్రిల్ మొదట్లోనే మొదలవుతాయి. 2024లో ఎండల వల్ల ఏప్రిల్ 25 నుంచి బడులు మూసేశారు. 2025లో 23 నుంచే మూశారు. సెలవులు ముందుగా ఇచ్చినందుకు నేనేమీ అనడం లేదు. ఆ ఎండల్లో పసిపిల్లల్ని గదుల్లో కూర్చోబెట్టమని ఏ తల్లీ అడగదు. కానీ ఒక్కసారి ఆలోచించండి. కొత్త తరగతిలో మూడు వారాలు కూర్చుంటారు, పాఠం ఇంకా అందుకోకముందే బడి మూత. మళ్లీ తెరిచేది జూన్ మూడో వారంలో. ఆ రెండు నెలలూ మా పిల్లలకు తెలుగు అక్షరం కంటబడేది తక్కువ. ఊళ్లో గోడల మీద, కొట్ల మీద, బస్సుల మీద ఉన్నవి ఒడియా అక్షరాలు. అవీ రావాలి, కాదనను. మా పిల్లలు ఒడియా బాగా చదవాలనే నేనూ కోరుకుంటాను, ఈ రాష్ట్రంలో బతకాల్సినవాళ్లు వాళ్లు. కానీ బడిలో పాఠాలన్నీ తెలుగులో ఉన్నప్పుడు, ఆ తెలుగే చదవడం రాకపోతే లెక్కలు ఎలా వస్తాయి, పరిసరాల పాఠం ఎలా ఎక్కుతుంది?

మా అమ్మాయి మూడో తరగతి ఇప్పుడు పూర్తవుతోంది. కిందటి మార్చిలో, అంటే రెండో తరగతి అయ్యేసరికి, కూడబలుక్కుంటూనైనా వాక్యం చివరిదాకా చదివేది. సరిహద్దు అవతల ఆంధ్రాలోని పాతపట్నం వెళ్తే అక్కడి తెలుగు బోర్డులన్నీ పైకి చదివి నన్ను విసిగించేది. జూన్‌లో బడి తెరిచే ముందు దగ్గర కూర్చోబెట్టుకుని పాత వాచకమే తీసి చదవమన్నాను. "చెట్టు" అనే మాటను "చెటు" అంది. "పిల్లలు" అనేదాన్ని "పిలలు" అంది. ఒత్తులన్నీ ఎగిరిపోయాయి. తర్వాత "పండు" దగ్గర ఆగిపోయింది. చాలాసేపు వేలు పెట్టి చూసి "పఠడు" అని చదివి, తప్పేమోనని నా ముఖం చూసింది. ఒడియాలో ఠ అక్షరం అచ్చం సున్నాలా గుండ్రంగా ఉంటుంది. సెలవుల్లో దాని కళ్లకు ఎక్కువగా కనబడింది ఆ గుండ్రని ఠయే. పక్కనే పండు బొమ్మ ఉంది, రోజూ తినే మాట, నోటికి తెలిసిన మాట, అయినా అక్షరం దగ్గర తడబడింది. తెలివి లేక కాదయ్యా. ఆ వయసులో చదువు ఇంకా పచ్చి మీద ఉంటుంది. రోజూ కాస్త చదివితేనే నిలుస్తుంది.

ఇది మా ఇంటి గోడు మాత్రమే కాదు. జూన్‌లో బడి తెరిచాక వినాయక చవితి దాకా మా టీచరు పోయిన ఏడాది పాఠాలే మళ్లీ చెప్పుకుంటూ ఉంటారు. ఒక్క టీచరు, పక్కపక్క రెండు తరగతులు. రిటైరైన తెలుగు టీచరు పోస్టు ఖాళీగానే ఉంది. దాని మీద వేరే అర్జీ ఇచ్చాం, దాని సంగతి ఇక్కడ ఎత్తను. కొత్త పాఠం మొదలయ్యేసరికి దసరా దగ్గర పడుతుంది. ఇలా ఏటా వెనక్కి జారి, ఐదో తరగతికి వచ్చేసరికి కొందరు పిల్లలు రెండో తరగతి పుస్తకం దగ్గరే మిగిలిపోతున్నారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ పిల్లలు చదువుకోవడానికి కొన్ని పుస్తకాలైనా బడిలోనే ఉన్నాయి. హెడ్మాస్టర్ గారి గదిలో ఒక ఇనుప బీరువా ఉంది. కమిటీ మీటింగు రోజున రిజిస్టర్ల కోసం దాన్ని తెరిచినప్పుడు చూశాను. పై అరలో రిజిస్టర్లు, కింది రెండు అరల్లో కథల పుస్తకాలు. ఒక కట్టకు తాడు కూడా విప్పలేదు. చేయి పెట్టి ఒకటి తీస్తే అట్ట వెనక చెద తిన్న గీతలు. పిల్లల చేతుల్లో నలగాల్సిన పుస్తకాన్ని చెదలు తింటున్నాయి.

"సార్, సెలవులకు తలా రెండు ఇవ్వొచ్చు కదా" అని అడిగాను. మా హెడ్మాస్టర్ గారు మంచివారు, పిల్లలంటే ప్రాణం. ఆయన చెప్పిన జవాబు ఇది: "అమ్మా, నాకూ ఇవ్వాలనే ఉంటుంది. ఒకడు చింపుతాడు, ఒకడు పోగొడతాడు, ఒకడు అమ్మమ్మగారింట్లో మర్చిపోయి వస్తాడు. రేపు ఆడిట్ వస్తే స్టాక్ రిజిస్టర్‌లో లెక్క తేలాలి. తేలకపోతే నా జీతంలో కోస్తారు. పై నుంచి ఒక్క కాగితం తెప్పించండి, నేనే ఇల్లిల్లూ తిరిగి పంచుతాను."

ఆ కాగితం కోసమే మేం తిరిగాం. ఆఫీసులో అడిగితే "అది హెడ్మాస్టర్ చేతిలో పని, మా దాకా ఎందుకొచ్చారు" అన్నారు. "ఆ ముక్కే రాసివ్వండి" అన్నాం. రాసివ్వలేదు. ఇంకొకరు "సర్క్యులర్ ఉండే ఉంటుంది, వెతకాలి" అన్నారు. ఆ సర్క్యులర్ మాకెవరూ చూపించలేదు. ఈలోగా సెలవులు వచ్చాయి, బీరువాకు తాళం పడింది, బడి గేటుకూ తాళం పడింది. అంతకు ముందు ఏడాదీ ఇదే జరిగింది. పుస్తకం పోతే ఎవరు కట్టాలన్న ఒక్క ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పరు. అందుకని పిల్లలకు పుస్తకమే అందదు. ఒక పుస్తకం చిరిగితే నష్టమని రాసుకునే రిజిస్టర్ ఉంది కానీ, ఒక పిల్ల చదవడం మర్చిపోతే రాసుకునే రిజిస్టర్ ఏ ఆఫీసులోనూ లేదు. అదే నాకు కడుపు మండే సంగతి.

ఆ పుస్తకాల్లో మా పిల్లలకు పనికొచ్చేవి ఎన్ని అన్నది ఇంకో బాధ. ఎక్కువ ఒడియావి. తెలుగువి కొన్నే, అవీ సన్న అక్షరాలతో పెద్ద పిల్లలు చదివే జీవిత చరిత్రలు. ఒకటో తరగతి పిల్లాడికి పేజీకి ఒక్క వాక్యం, పెద్ద అక్షరం, బొమ్మ ఉండాలి. అలాంటిది ఒక్కటి కనబడలేదు. కేంద్రం వారి సమగ్ర శిక్ష పథకం కింద ప్రాథమిక బడికి ఏడాదికి 5,000 రూపాయల వరకు లైబ్రరీ గ్రాంటు ఉందని మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ డబ్బుతో తెలుగు బడికి తెలుగు పుస్తకాలు కొనాలని ఒకరు చెప్పాలి కదా. కొన్ని పదుల చిన్న పుస్తకాలు వస్తాయి. మా బడికి అవి చాలు.

"ఫోన్‌లో చదివించుకోండి" అని ఒక సలహా ఇచ్చారు. మా ఆయన చెన్నైలో బిల్డింగు పనికి వెళ్లారు. మంచి ఫోన్ ఆయన దగ్గరే ఉంది, నా దగ్గర ఉన్నది బటన్ల ఫోన్. మా వీధిలో చాలా ఇళ్ల పరిస్థితి ఇదే. సెలవుల్లో బడి గ్రూపులో హోంవర్కు షీట్లు వచ్చాయని పక్కింటివాళ్లు చూపిస్తే, అవి ఒడియాలో ఉన్నాయి. తెలుగు కథలు లేక కాదు. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో బోలెడన్ని తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి, ప్రింటు తీసి పంచుకోవడానికి కూడా అనుమతి ఉంది. ఆఫీసులో ప్రింటరు ఉంది, కాగితం ఉంది. మా దగ్గర అవి రెండూ లేవు.

మేం చేతులు ముడుచుకుని కూర్చున్నామని మాత్రం అనుకోకండి. పోయిన వేసవిలో సాయంత్రం పూట రామమందిరం అరుగు మీద పిల్లల్ని కూర్చోబెట్టాం. ప్లస్ టూ చదివే ఒక అమ్మాయి జీతం భత్యం లేకుండా వచ్చి చదివించింది. మా ఆడపడుచు పిల్లలది శ్రీకాకుళం జిల్లా, వాళ్ల పాత వాచకాలు తెచ్చుకున్నాం. ఆదివారం తెలుగు పేపర్లో పిల్లల పేజీ కత్తిరించి అట్టకు అంటించాం. మొదటి రెండు వారాలు పిల్లలు ఎగబడి వచ్చారు. తర్వాత ఏమైందంటే, ఉన్న నాలుగు పుస్తకాలూ వాళ్లకు కంఠతా వచ్చేశాయి. పేజీ వైపు చూడకుండా గడగడా అప్పజెప్పేస్తున్నారు. వినడానికి బాగుంటుంది, కానీ అది చదవడం కాదు. మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి ఇదేంటని అడిగితే, మొదటి నుంచి పాటలా అందుకుంటే తప్ప చెప్పలేకపోయారు. చదవడం రావాలంటే రోజూ కొత్త మాట, కొత్త వాక్యం ఎదురవ్వాలి. అందుకు చాలా పుస్తకాలు కావాలి. ఉన్న కొన్నీ బీరువాలో ఉన్నాయి. పుస్తకాలు లేక, మే నెల సగానికే మా అరుగు బడి ఆగిపోయింది. పిల్లలు జీడి తోటలకూ మామిడి చెట్ల కిందకూ వెళ్లిపోయారు.

సరిహద్దు దాటితే ఆంధ్రాలో గ్రంథాలయాల్లో వేసవి విజ్ఞాన శిబిరాలు పెడతారు. మా ఆడపడుచు కొడుకు వెళ్తాడు. అక్కడ కథలు చదివిస్తారు, చెప్పిస్తారు. వాడూ మా అమ్మాయీ ఒకే ఈడు వాళ్లు, ఇంట్లో మాట్లాడేది ఒకే భాష. పండక్కి కలిసినప్పుడు వాడు గోడ మీది క్యాలెండర్ చదువుతుంటే ఇది నా కొంగు వెనక నిలబడుతోంది.

చట్టాలు, లెక్కలు నాకంటే మీకే బాగా తెలుసు. మూడో తరగతి ముగిసేలోగా ప్రతి బిడ్డా అర్థం చేసుకుని చదవాలని 2021లో కేంద్రం వారు నిపుణ్ భారత్ అనే కార్యక్రమం మొదలుపెట్టారు, 2026-27ను గడువుగా పెట్టుకున్నారు. పిల్లల చదువును ఊరూరా పరీక్షించే అసర్ 2024 సర్వేలో దేశం మొత్తం మీద ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 23.4 శాతమే. కరోనాకు బడులు మూసినప్పుడు అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం వారు ఐదు రాష్ట్రాల్లో పరీక్షించి, నూటికి 92 మంది పిల్లలు అంతకు ముందు వచ్చిన భాషా నైపుణ్యాల్లో కనీసం ఒకటి మర్చిపోయారని 2021లో చెప్పారు. అది ఏడాది మూత. మాది ఏటేటా రెండు నెలల మూత. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో తల్లిభాషలో చదువు చెప్పే వసతి కల్పించాలని రాజ్యాంగంలో 350ఎ అధికరణం 1956 నుంచీ ఉంది. తెలుగు మీడియం బోర్డు పెట్టి, చదువుకోవడానికి తెలుగు పుస్తకం ఇవ్వకపోతే అది వసతి ఎలా అవుతుంది?

గిడుగు వెంకట రామమూర్తి గారు ఈ పర్లాకిమిడిలోనే పంతులుగా పనిచేశారు. కొండల మీది సవర గిరిజన పిల్లల కోసం తాను సవర భాష నేర్చుకుని, ఆ భాషలో వాళ్లకు వాచకాలు రాసి పెట్టారు. 1936లో మా ఊళ్లు ఒడిశాలో కలవకముందు మాట అది. ఒక మేష్టారు పిల్లల చేతిలో వాళ్ల భాష పుస్తకం పెట్టడానికి ఏళ్ల తరబడి కష్టపడిన గడ్డ మీద, కొని తెచ్చిన పుస్తకాన్ని పిల్లల చేతికివ్వడానికి మాకు దారి దొరకడం లేదు. ఆ కొండల మీద ఇవాళ్టి సవర పిల్లలదీ ఇదే అవస్థ. వాళ్ల తరఫున కూడా అడుగుతున్నాను.

మేం అడిగేది పెద్ద పథకం కాదయ్యా. సెలవులకు ముందు ప్రతి బిడ్డకూ బడి లైబ్రరీ పుస్తకాలు ఇంటికివ్వాలని, పోయినా చిరిగినా హెడ్మాస్టర్ జీతంలో కోయబోమని మీ సంతకంతో ఒక ఉత్తర్వు ఇవ్వండి. తెలుగు మీడియం బడుల గ్రాంటుతో పెద్ద అక్షరాల తెలుగు బొమ్మల కథలు కొనమనండి. సెలవుల్లో సాయంత్రం పూట గంట సేపు చదివించడానికి ఊళ్లో చదువుకున్న ఒక అమ్మాయికి ఎంతో కొంత ముట్టజెప్పండి. డబ్బు లేదంటారా, ఆ మూడోది వదిలేయండి, ఆ అమ్మాయి ఈసారి కూడా ఊరికే వస్తానంది. ఉత్తర్వు మాత్రం ఇవ్వండి. దానికి ఖర్చు లేదు.

మా చిన్నవాడు ఒకటో తరగతి. ఇప్పుడిప్పుడే గుణింతాలు దాటి మూడక్షరాల మాటలు చదువుతున్నాడు. ఏప్రిల్ మూడో వారానికల్లా ఆ కాగితం మా హెడ్మాస్టర్ గారి చేతికి అందాలి. గేటుకు తాళం వేశాక వస్తే వాడికీ అక్క గతే పడుతుంది. దయచేసి ఈసారి ఈ అర్జీని కిందికి పంపి "తగు చర్య" అని రాయకండి. కింద ఉన్నవాళ్లందరినీ అడిగాకే మీ దగ్గరికి వచ్చాం.

ఇట్లు,
బడి కమిటీ సభ్యురాలైన ఒక తల్లి,
గజపతి జిల్లా